ప్రేమ పేరిట హింస నివారణ నిధి: జమా ఖర్చుల వివరణ

చందాదారులందరికీ నమస్కారం. ప్రేమ పేరుతో కొట్టడం, బెదిరించడం, ఫోన్ మీద నిఘా పెట్టడం లాంటివి పిల్లల మధ్య ఆపడానికి పెట్టిన నిధి ఇది. డబ్బు వసూలు చేశారు, పెద్ద సభ ఒక్కటీ పెట్టలేదు, మరి ఎటుపోయిందని కొందరు అడుగుతున్నారు. అడిగే హక్కు మీకుంది. మొత్తం జమను 100 వంతులుగా చేసి కింద రాశాం. అసలు పద్దు పుస్తకాలు, ఓచర్లు కోశాధికారి దగ్గరున్నాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

జమ: తల్లిదండ్రుల చందాలు 46, పూర్వ విద్యార్థులవి 33, విడి విరాళాలు 21. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఇస్తామని మాటిచ్చి ఇంతవరకు ఇవ్వనివారు కూడా ఉన్నారు. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. కానీ ఆ మాట నమ్ముకునే మేం శిక్షకులకు తేదీలు ఖాయం చేశామని వారికి గుర్తుచేస్తున్నాం.

ఖర్చు: కరపత్రాలు 6, హాలు, మైకు 4, ప్రయాణాలు 5.

శిక్షణ: 52. అనుమానమంతా ఈ పద్దు మీదే కాబట్టి వివరంగా చెప్పాలి. టీచర్లకు, ఆటల కోచ్‌లకు అంత ఖర్చు దేనికి, ఆ డబ్బుతో ఊరేగింపు తీస్తే వేలమందికి తెలిసేది కదా అన్నారు. లైంగిక హింసను ఆపడానికి చేసిన ప్రయత్నాలపై వచ్చిన 140 మదింపులను 2014లో అమెరికా పరిశోధకులు ఒకచోట పెట్టి చూశారు. హింసకు పాల్పడటం నిజంగా తగ్గిందని గట్టి ఆధారం దొరికిన పద్ధతులు మూడే. ఒక్కరోజు క్లాసు చెప్పి వెళ్లిపోయే పద్ధతి వాటిలో లేదు. ఆ మూడింటిలో ఒకటి, ప్రేమ సంబంధాల్లో హింసను ఆపడానికి బడిలో చెప్పే 'సేఫ్ డేట్స్' కార్యక్రమం. అందులో పిల్లలకు 10 పాఠాలుంటాయి, దాని ఫలితం నాలుగేళ్ల తర్వాత కూడా కనిపించింది. న్యూయార్క్ బడుల్లో పరీక్షించిన మరో పద్ధతిలో, తమకు భయం కలిగించే చోట్లను పిల్లలే బడి పటం మీద గుర్తుపెడతారు, పెద్దలు అక్కడ కాపలా పెంచుతారు. ఆ పటం పని మేమూ చేయించాం. ఖర్చు కాగితం, పెన్నులే. మెట్ల మలుపు, బాత్‌రూమ్‌ల దారి అని పిల్లలు చూపించేదాకా పెద్దలెవరికీ తట్టలేదు.

పిల్లల పాఠాలు ఆలస్యమయ్యాయన్నది నిజం. అది కావాలనే చేశాం. క్లాసు అయ్యాక ఒక అమ్మాయో అబ్బాయో వచ్చి తనకు జరిగింది చెప్తే, "నువ్వెందుకు వెళ్లావు?" అని అడిగే పెద్దమనిషి ఎదురైతే ఇక ఎవరి దగ్గరా నోరు తెరవరు. నమ్మి వినడం, నిందించకపోవడం, భద్రత చూడటం, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం ముందు పెద్దలకు రావాలి. అది రాకుండా పిల్లల ముందుకు వెళ్లకూడదని తీర్మానం చేశాం. ఆ తీర్మానం మీద అందరం సంతకాలు పెట్టాం.

మగపిల్లల మీద ఇంత ఖర్చెందుకన్నది ఇంకో ప్రశ్న. కొట్టే చెయ్యి, ఫోన్ లాక్కునే చెయ్యి ఎవరిదైతే వారితో మాట్లాడాలి కదా. కోచ్ మాట అబ్బాయిలు వింటారు. కాలిఫోర్నియాలో 16 హైస్కూళ్లలో కోచ్‌ల చేతే ఈ పని చేయిస్తే, తోటివాడు తప్పుగా ప్రవర్తించినప్పుడు అడ్డుచెప్పే అబ్బాయిలు పెరిగారు. దెబ్బలు తినేది అబ్బాయిలు కూడా కావచ్చు, అది కూడా పాఠాల్లో ఉంది.

కౌన్సెలర్ ఫీజు: 19. ఈ ఓచర్ల మీద పేర్లు లేవని అభ్యంతరం వచ్చింది. పేర్లు ఉండవు, ఇకముందు కూడా ఉండవు. తేదీ, గంటలు, కౌన్సెలర్ సంతకం ఉంటాయి. ఎవరు వచ్చారో కమిటీ సభ్యులకే తెలియదు. పాస్‌వర్డ్ అడిగి, ఫోన్ వెతికి, ఎక్కడున్నావో ఫొటో పెట్టమనే మనిషితో బతుకుతున్న పిల్లకు, తన పేరు ఒక కాగితం మీద ఉందన్న సంగతే ప్రమాదం. ఈ విషయంలో ఎంత ఒత్తిడి వచ్చినా వెనక్కి తగ్గం.

నిల్వ: 14. ఇది కాలేజీ మొదటి సంవత్సరం అమ్మాయిల తరగతులకు ఉంచాం. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో లైంగిక దాడి ప్రమాదాన్ని గుర్తించి ఎదిరించడంపై 12 గంటల శిక్షణ పొందిన అమ్మాయిల్లో ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం అని 2015లో తేలింది. నిల్వ ఒక్క బ్యాచ్‌కే సరిపోతుంది. రెండో బ్యాచ్ జరగాలంటే రావాల్సిన చందాలు రావాలి. మాటిచ్చినవారు దయచేసి కోశాధికారిని కలవండి, రసీదు అక్కడికక్కడే ఇస్తారు.