టర్పెంటైన్ డబ్బా మీద ఆ ఒక్క ముక్కా రాయించండి

రాష్ట్ర కార్మిక, కర్మాగారాల శాఖ మంత్రి గారికి,

అయ్యా,

గాజువాక నుంచి మధురవాడ దాకా ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటి తలుపులకు పాలిష్ కొట్టేదీ, గ్రిల్స్‌కు ఎనామిల్ వేసేదీ అడ్డా మీద దొరికే కుర్రాళ్లే. పొద్దుగూకాక వాళ్లు చేతులు కడుక్కునేది టర్పెంటైన్‌తో. కొందరికి ఆ చేతులే పాడైపోతున్నాయి.

నా దగ్గర పనిచేసే ఒక కుర్రాడికి వేళ్ల సందుల్లో నీటిపొక్కులు లేచి, పగిలి, రసి కారుతోంది. కూర కలుపుకుంటే కారం మంట, అందుకని చెంచాతో తింటున్నాడు. మందుల షాపువాడు తామర ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. అది తామరైతే కదా తగ్గడానికి!

పైన్ చెట్టు జిగురు నుంచి తీసే టర్పెంటైన్ గాలి తగిలేకొద్దీ మారిపోతుంది. అందులోని కెరీన్, పైనీన్ అనే రసాయనాలు ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లనే వేరే పదార్థాలు అవుతాయి. అలర్జీ తెప్పించేవి ముఖ్యంగా అవే. అంటే మూత సరిగ్గా పెట్టని పాత డబ్బా కొత్తదానికంటే ప్రమాదం. ఒంటికి ఒకసారి అలర్జీ పట్టుకుంటే మామూలుగా జీవితాంతం పోదు, తర్వాత కొంచెం తగిలినా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పొక్కులే.

ఇప్పుడు నారింజ తొక్కల నూనెతో చేసిన క్లీనర్లు వచ్చాయి. ‘సహజమైనదండీ, ఏం కాదు’ అని అమ్ముతున్నారు. వాసన బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అందులోని లిమొనీన్ అనే రసాయనానిదీ ఇదే కథ. గాలి తగిలితే అది అలర్జీకారకం అవుతుందని స్వీడన్ పరిశోధకులు 1990లలోనే తేల్చారు. యూరప్‌లో సబ్బులూ క్రీముల మీద కూడా మోతాదు దాటితే దాని పేరు వేసి తీరాలి. ఇక్కడ టర్పెంటైన్ పేరుతో పెట్రోలియం నుంచి తీసినదీ అమ్ముతారు, జిగురుదీ అమ్ముతారు. ఏది ఏదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? డబ్బా మీద అది దేంతో చేసిందో, చర్మానికి అలర్జీ రావచ్చనే మాట తెలుగులో పెద్దక్షరాలతో వేయించండి.

రసాయనాలు, రంగుల వల్ల వచ్చే చర్మవ్యాధిని డాక్టరు ప్రభుత్వానికి తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కానీ అడ్డా కూలీకి ఫ్యాక్టరీ ఏదీ? అలర్జీ దేనివల్లో తెలుసుకోవడానికి వీపు మీద అట్టలు అంటించి, రెండు రోజులకు తీసి చూసే ప్యాచ్ టెస్టును మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పెయింటర్లకు ఉచితంగా చేయించండి. ఆ రోజుల కూలి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి నుంచి ఇవ్వండి, లేకపోతే ఒక్కడూ రాడు. గ్లౌజులు ఇస్తే నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి ఇవ్వండి. మామూలు రబ్బరువి ఈ ద్రావకాలను ఆపలేవు. మావాళ్లకు నేనిప్పుడు వంటనూనెతో రంగు తుడిచి, సబ్బుతో కడుక్కోమంటున్నాను. పని జరుగుతోంది.

మీ శాఖవాళ్లను అడ్డాకు పంపితే ఉదయం ఎనిమిదిలోపే రమ్మనండి. ఆ తర్వాత ఎవరూ దొరకరు.

ఇట్లు,
ఒక పాలిష్ మేస్త్రీ,
కంచరపాలెం, విశాఖపట్నం