పాటతో పాటు రాసినవారి పేరూ వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

పాత ప్రేమ పాటల మీద పత్రికల్లో వ్యాసాలు వస్తున్నాయి, రేడియోలో ప్రత్యేక కార్యక్రమాలు నడుస్తున్నాయి, ఫోన్లలో ఆ పాటల జాబితాలకైతే లెక్కే లేదు. సంతోషమే. కానీ ఎక్కడ చూసినా గాయకుల పేరు, మహా అయితే సినిమా పేరు. బాణీ కట్టిందెవరో, మాటలు రాసిందెవరో చెప్పే ఓపిక చాలామందికి ఉండటం లేదు. ఇది అన్యాయం. ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ అనే ఇంగ్లిష్ ప్రేమ పాటనే తీసుకోండి.

చాలామంది దాన్ని 1990 నాటి ‘ఘోస్ట్’ సినిమా పాట అనుకుంటారు. ఆ సినిమా చూసినవారికి పాట మొదలవగానే కుమ్మరి సారె దృశ్యం గుర్తుకు రావడం సహజమే. కానీ అప్పటికే పాటకు 35 ఏళ్లు. 1955లో ‘అన్‌చెయిన్డ్’ అనే జైలు సినిమా కోసం అలెక్స్ నార్త్ బాణీ కట్టారు, హై జారెట్ మాటలు రాశారు. తెరమీద ఖైదీ పాత్రలో ఆ పాట పాడినవారు టాడ్ డంకన్, ఆపెరాలో పేరు తెచ్చుకున్న నల్లజాతి గాయకుడు. ఇది తెలిశాక పాట మరోలా వినిపిస్తుంది. ప్రియమైన మనిషి స్పర్శ కోసం తపించడం, కాలం మెల్లగా కదలడం, నువ్వింకా నా మనిషివేనా అని బెంగగా అడగడం... గోడల మధ్య రోజులు లెక్కపెట్టే మనిషికి ఇవి కవిత్వం కోసం తెచ్చిపెట్టుకున్న మాటలు కావు. సినిమా మరుగున పడింది. ఆ ఎదురుచూపు మాత్రం అయినవారికి దూరంగా బతికే ప్రతివారి సొంతమైంది. అది జారెట్ మాటల బలం.

ఇవాళ మనం ఎక్కువగా వినేది 1965లో రైటియస్ బ్రదర్స్ అనే గాయక జంట పేరిట వచ్చిన రికార్డు. పేరు ఇద్దరిదే అయినా అందులో పాడింది బాబీ హాట్‌ఫీల్డ్ ఒక్కరే. మెత్తగా ఎత్తుకుని, అంతకంతకూ స్థాయి పెంచుతూ, చివర్లో ఉన్నట్టుండి తారస్థాయికి ఎగిసే ఆ గొంతు ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. నిజానికి ఆ రికార్డులో ముఖ్యమైన పాట వేరే. దీన్ని రెండో వైపున వేశారు. రేడియో వ్యాఖ్యాతలు రికార్డు తిరగేసి దీన్నే వినిపించడంతో అమెరికాలో ఆదరణ పొందిన పాటల జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ‘ఘోస్ట్’ తర్వాత అదే రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

జ్ఞాపకాలకు పేర్లతో పనేమిటని కొందరు అనవచ్చు. పని ఉంది. మన యౌవనంలో చెప్పుకోలేకపోయిన మాటను మన కోసం చెప్పిపెట్టిన మనిషి ఎవరో తెలుసుకోవాలని ఉండదా? హై జారెట్ 2007లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతకాలం మన మధ్యనే ఉన్న ఆయన పేరు, ఈ పాటను ప్రాణంగా ప్రేమించే ఎంతమందికి తెలుసు?

ఒక పాటను రికార్డు రెండో వైపు నుంచి లోకం ముందుకు తెచ్చింది రేడియోనే. ఆ రేడియోకు పాట ముందు రెండు పేర్లు చెప్పడం భారం కాదు. సంగీత యాప్‌లు ఈ వివరాలను ఎక్కడో లోపల దాచకుండా పాట పేరు కిందే చూపాలి. మీ పత్రిక కూడా ఏ పాట గురించి రాసినా గాయకుల పక్కనే రచయిత, స్వరకర్త పేర్లు తప్పనిసరిగా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక శ్రోత