బోర్డర్‌లైన్ అన్న మాట

అమ్ములూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. "రక్త పరీక్షలన్నీ బోర్డర్‌లైన్‌లోనే ఉన్నాయట నాన్నా, మరి నాకెందుకింత నీరసంగా ఉంటోంది?" అని అడిగావు. "బోర్డర్‌లైనేగా, టెన్షన్ పెట్టుకోకు, త్వరగా పడుకో" అన్నాను. నువ్వు "సరే నాన్నా" అని పెట్టేశావు. ఇక నాన్నతో చెప్పి లాభం లేదు అనుకున్నప్పుడు వచ్చే "సరే" అది. అలాంటి "సరే" ఒకసారి మీ అమ్మ నోట కూడా విన్నాను. అప్పుడు పట్టించుకోలేదు. అందుకే ఈసారి ఫోన్‌లో కాకుండా కూర్చుని రాస్తున్నాను.

అమ్మ సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉన్నావు. మధ్యాహ్నం అయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండడం లేదనేది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనేది, దూది మీద నడుస్తున్నట్టుందనేది. నేనే రక్తం తీశాను, నేనే మా ల్యాబ్‌లో పరీక్ష చేశాను. హిమోగ్లోబిన్ 12.1. విటమిన్ బీ12 214. మా రిపోర్టు మీద 200 దాటితే నార్మల్ అని అచ్చయి ఉండేది. అంకె పక్కన తక్కువని చెప్పే "ఎల్" పడలేదు. ఎల్ పడలేదు కాబట్టి జబ్బు లేదనుకున్నాను. ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో చేసినవాణ్ణి, రిపోర్టు చూశాను గానీ మనిషిని చూడలేదు. "ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతున్నావుగా, రక్తం బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. "సరేనండీ" అంది.

తర్వాత ఎనిమిది నెలలకు ఇద్దరం మావుళ్ళమ్మ గుడి నుంచి నడిచొస్తున్నాం. అమ్మ ఎడమకాలి చెప్పు జారిపోయింది. పది అడుగులు వేసింది, తనకు తెలియలేదు. వెనకాల వస్తున్న కుర్రాడు "ఆంటీ, మీ చెప్పు" అని తెచ్చిచ్చాడు. ఆ చెప్పు చేత్తో పట్టుకుని, తన కాలి వంక చూసుకుంటూ రోడ్డు మీదే నిలబడిపోయింది. ఆ చూపు నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

విజయవాడలో నరాల డాక్టరు గారు ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద ఆనించారు. "జివ్వుమంటోందా అమ్మా?" అంటే లేదంది. చీలమండ దగ్గరా లేదంది. మోకాలి దగ్గరకొచ్చాక "ఇప్పుడు తెలుస్తోంది" అంది. ఆయన అడిగినవి రెండే: ఏం తింటారు, షుగరుకి ఏం వాడతారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, బీ12 దొరికేదేమో ఎక్కువగా మాంసం, గుడ్లలాంటి వాటిలోనే. పైగా మెట్‌ఫార్మిన్ అప్పటికి తొమ్మిదేళ్ళుగా వాడుతోంది. అది ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గిపోతుంది. ఒంటికి బీ12 చాలకపోతే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్షలు చేయిస్తే రెండూ బాగా పెరిగి ఉన్నాయి. అంటే నా రిపోర్టులో నార్మల్ అనిపించుకున్న ఆ 214 తన ఒంటికి చాలడం లేదన్నమాట. ఇంజెక్షన్లతో నీరసం పోయింది. తిమ్మిరి మాత్రం సగమే పోయింది. రాత్రిపూట మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం నువ్వూ చూసే ఉంటావు.

నేను ధైర్యం చెప్పుకున్న ఫోలిక్ యాసిడ్ గొప్ప మందే, కాదనను. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ సుబ్బారావు గారే అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో ఉండగా, 1945 ప్రాంతంలో ఆయన బృందం ఆ జబ్బులో వాడే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. కానీ లోపం బీ12ది అయినప్పుడు ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అమ్మ విషయంలో జరిగింది అదే.

ఇప్పుడు నీ సంగతి. పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మళ్ళీ చూశాను. జనవరిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోను) 6.1, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) నార్మల్. ఏప్రిల్‌లో టీఎస్‌హెచ్ 2.9. "తగ్గిపోయింది, ఇక ఏమీ లేదు" అన్నారన్నావు. రెండో ఫొటోలో రిపోర్టు పక్కన ఒక సీసా మూల కనిపించింది. పెద్దది చేసి చూస్తే బయోటిన్ అనే విటమిన్, 10 మిల్లీగ్రాములు. జుట్టు రాలుతోందని వాడుతున్నావు కదూ? అమ్ములూ, చాలా మిషన్లలో ఈ పరీక్ష బయోటిన్ అతుక్కునే గుణం మీదే నడుస్తుంది. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించవచ్చు. పైగా మొదటి శాంపిల్ ఉదయం ఏడున్నరకి ఇచ్చావు, రెండోది మధ్యాహ్నం మూడింటికి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. నిజంగానే తగ్గి ఉండొచ్చు కూడా, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కానీ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తేల్చేయడం మాత్రం కుదరదు.

6.1 వచ్చినంత మాత్రాన థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలనీ కాదు. 10 దాటితే సాధారణంగా ఇస్తారు. ఆ లోపు ఉంటే మనిషిని బట్టి చూస్తారు. థైరాయిడ్ మీద మన ఒళ్ళే దాడి చేస్తోందని చెప్పే యాంటీ టీపీఓ యాంటీబాడీలు ఉన్నాయా, లక్షణాలు ఎలా ఉన్నాయి అన్నవి లెక్కలోకి వస్తాయి. పిల్లల గురించి ఆలోచిస్తున్నామని అమ్మతో అన్నావట. ఆ మాట డాక్టరు గారికి తప్పకుండా చెప్పు, అప్పుడు వాళ్ళు చూసే లెక్కే మారిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది థైరాయిడ్ కాదు, రిపోర్టులో లేని పరీక్ష. నెలసరి ఏడెనిమిది రోజులు, ఎక్కువగా అవుతోందని చెప్పావు. అయినా ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష ఎవరూ రాయలేదు. హిమోగ్లోబిన్ కంచంలో అన్నం అయితే ఫెరిటిన్ గాదెలో ధాన్యం. కంచం నిండుగా కనిపిస్తున్నా గాదె అడుగంటి ఉండొచ్చు. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తగ్గితే నీరసం రావచ్చు, జుట్టు రాలొచ్చు. ఇదే కారణమని నేననడం లేదు. చూడకుండా "ఏమీ లేదు" అనకూడదంటున్నాను. నీ బీ12 కూడా 238 ఉంది, అమ్మ కథ చదివావుగా. విటమిన్ డీ 22కి ఇచ్చిన 60,000 యూనిట్ల సాచెట్లు వారానికి ఒకటే వేసుకో. వారానికొకటన్నది రోజుకొకటి వేసుకుని, కాల్షియం పెరిగిపోయి వచ్చినవాళ్ళ రక్తం నేనే తీశాను.

ఒక నోటుపుస్తకంలో ఈ వారం రోజులు రాసిపెట్టు. ఎన్నింటికి పడుకున్నావు, లేచాక ఎలా ఉంది, ఏ పూట ఓపిక పోయింది, ఏ మందులు వేసుకున్నావు, గురక పెడుతున్నావేమో అల్లుడు గారిని అడిగి అదీ రాయి. మనసు బాగుండకపోయినా దాచకుండా రాయి. "నీరసంగా ఉంటోందండీ" అంటే రెండు నిమిషాల్లో పంపేస్తారు. "మూడు నెలల నుంచి రెండో అంతస్తు మెట్లెక్కడానికి మధ్యలో ఆగుతున్నాను" అంటే ఆగి వింటారు. ఈ పరీక్షలన్నీ బాగున్నాయని తేలినా నీ నీరసం అబద్ధమైపోదు. కారణం ఇంకోచోట వెతుకుదాం.

బుధవారం నుంచి ఆ బయోటిన్ ఆపెయ్. నేను శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. శనివారం పొద్దున్నే శాంపిల్ ఇచ్చేద్దాం, రిపోర్టులొచ్చాక డాక్టరు గారి దగ్గరికి నేనూ వస్తాను. అక్కడ మాట్లాడేది నువ్వే, నేను పక్కన కూర్చుంటాను.

ఇది రాస్తుంటే అమ్మ వెనకాల నిలబడి చదివింది. చెప్పు జారిపోయిన సంగతి నీకు తనే స్వయంగా చెప్పాలట, తనూ వస్తానంటోంది. టిక్కెట్లు రెండు తీశాను.

నాన్న