గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ బయటే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చలి మొదలైతే చాలు, విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో గ్యాస్ గీజర్లు బిగించుకోవడం ఎక్కువవుతుంది. చాలాచోట్ల బాత్‌రూమ్ లోపలే, షవర్ పక్కనే తగిలిస్తున్నారు. పైగా దోమలు రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెడతారు. ఈ రెండూ కలిస్తే ప్రాణాంతకం.

వంటగ్యాస్‌లో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే ఐదు పాళ్ల ఆక్సిజన్, అంటే దాదాపు 24 పాళ్ల గాలి కావాలి. బ్యూటేన్‌కైతే 31. కిలో గ్యాస్‌కు సుమారు 13 ఘనమీటర్ల గాలన్నమాట. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించే గీజర్ గంటకు కిలో దాకా కాలుస్తుంది. పావుగంట స్నానానికి పావుకిలో. ఐదడుగులు, ఏడడుగుల కొలతతో ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో పట్టే గాలే 8 ఘనమీటర్లు. అన్నీ మూసేస్తే ఆ పావుగంటలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 13 దరిదాపులకు పడిపోవాలి. అంతకు చాలా ముందే మంట చెడుతుంది.

ఇంధనంలోని కార్బన్ ముందు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అవుతుంది. మంట అంచుల్లో మళ్లీ ఆక్సిజన్ అందితేనే డయాక్సైడ్‌గా మారుతుంది. ఆక్సిజన్ చాలకపోయినా, మంట గీజర్‌లో నీటిని వేడెక్కించే చల్లని రాగి రేకులకు తగిలినా ఆ రెండో మెట్టు ఆగిపోతుంది. రేకుల మధ్య మసి పేరుకుని పొగ పైకి పోకపోయినా అంతే. పసుపు మంట ప్రమాదానికి గుర్తే, కానీ నీలంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. వాసన కూడా హెచ్చరించదు. లీకైనప్పుడు ముక్కుకు తగిలే మెర్కాప్టన్ మంటలో కాలిపోతుంది.

మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, ఆపై గడియ తీయడానికి కూడా సత్తువ ఉండదు. పడిపోయినవారిని వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్మవద్దు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ అది మంచి రక్తంగానే లెక్కగట్టి 98 చూపించవచ్చు. అందుకే ఆస్పత్రిలో గీజర్ సంగతి ముందే చెప్పాలి.

గీజర్‌ను గాలి ఆడే బాల్కనీలో బిగించి, వేడినీటి పైపు మాత్రమే లోపలికి తీసుకురావాలి. అదనంగా అయ్యేది కొన్ని అడుగుల పైపు ఖర్చే. లోపలే ఉంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోదు. కింద గాలి వచ్చే సందు లేకపోతే ఫ్యాన్ తిరిగినా లోపలి గాలి మారదు. గీజర్ బయటికి మార్చేదాకా తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, గాలి మారాకే స్నానం చేయాలి. బిల్డర్లకు ఒక విన్నపం: బాత్‌రూమ్ వెంటిలేటర్లు తెరుచుకునే డక్ట్‌లో గీజర్ పాయింట్ ఇవ్వకండి. కింది ఇంటి పొగ పై అంతస్తు వాళ్ల బాత్‌రూమ్‌లోకి చేరుతుంది.

- ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు