తోటకు లీజు కాగితం కావాలి

ఖాళీ జాగాల్లో ఇరుగుపొరుగు కలిసి పెంచుకున్న ఉమ్మడి తోటలను, ఆ వీధికి గిరాకీ రాగానే ఖాళీ చేయించడం అన్యాయం. మా వీధి చివర పగిలిన సీసాలు, తుప్పు రేకులు పేరుకుపోయిన స్థలాన్ని మేమే శుభ్రం చేసి తోట వేసుకున్నాం. ఒకప్పుడు సాయంత్రం అటు నడవాలంటే ఆడపిల్లలకు టెన్షన్. ఇప్పుడు చీకటి పడే దాకా ఎవరో ఒకరు పాదులు తీస్తూనో, నీళ్లు పోస్తూనో కనిపిస్తారు. వీధి బాగుపడింది, అద్దెలూ పెరిగాయి. దాన్ని బాగుచేసినవాళ్లే ముందుగా ఇళ్లు మారుతున్నారు. మొన్న ఒక పెద్దావిడ సామాను బండెక్కించాక వెనక్కి వచ్చి, తను నాటిన మొక్కలకు నీళ్లు పోసి మరీ వెళ్లింది. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ అనే మహిళ, ఆమె బృందం పాడుబడ్డ స్థలంలో మొదలుపెట్టిన తోట ఇప్పటికీ ఉంది. అదే నగరం 1999లో వందకు పైగా తోటలను వేలానికి పెడితే, ట్రస్టులు కొని కాపాడాల్సి వచ్చింది. అంతదాకా రానివ్వకుండా నగరపాలక సంస్థ ఇలాంటి తోటలకు కనీసం 10 ఏళ్ల లీజు రాసివ్వాలి. కుళాయి కనెక్షన్ ఇవ్వాలి. పాత కట్టడాలున్న చోట మట్టిలో సీసం అనే విషలోహం ఉండొచ్చు కనుక పరీక్ష తన ఖర్చుతోనే చేయించాలి. చుట్టుపక్కల పాత అద్దెదారులకు అద్దె పెంపుపై ఒక హద్దు పెట్టాలి.