చెన్నైలో పాత బండి సామాన్లమ్మే పుదుపేట పోయేవాళ్లకి

అన్నలారా, కారులో మార్చేదానికి పాత ఇంజిన్ చూడబోతున్నా, ఏమేం చూసుకోవాలని మన గూడూరు తమ్ముడు అడిగినాడు, అందుకే అందరికీ పెడతన్నా. డీజిల్‌తో కడిగి మెరిపించింది చూసి మురిసిపోబాకండి. ఆయిల్ మూత తీసి, ఆ మూత అడుగున వేలు పెట్టి చూడండి. పాలెక్కువైన టీ రంగులో చిక్కటి జిడ్డు అంటిందా, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్లో కలిసుంటది. ఇక బేరం కూడా ఆడబాకండి. పోయినేడు నేను ఆ మూత తీయకుండానే తెచ్చినా, ఆ రెండూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయుండాది, ఇప్పటికీ ఇంట్లో మాట పడతన్నా.

పెట్రోల్‌దైతే ప్లగ్గులు తీసి సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టించండి. మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ చూపించి నాలుగోది 120 దగ్గర ఆగితే వద్దు. గేజీ లేదంటే, క్రాంక్ పుల్లీకి, అదే ఇంజిన్‌కి బెల్టు తగిలించే చక్రానికి, స్పానర్ వేసి రెండు చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు.

ఇంజిన్ నంబరు గీకినట్టుంటే తాకబాకండి. బిల్లు అడగండి, ఆర్సీలో ఎక్కించుకునేటప్పుడు ఆర్టీఓ ఆఫీసులో అదే అడుగుతారు.