కంప్రెషన్ తగ్గిందనగానే బోరింగేనా?

సంపాదకుడికి,

పాత మోటారు సైకిళ్లను మళ్లీ రోడ్డెక్కించడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ 'కంప్రెషన్ తగ్గితే బోరింగ్ చేయించి కొత్త పిస్టన్ వేయించాలి' అని అందులో ఒక్క ముక్కలో తేల్చేయడం మాత్రం బాగోలేదు. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి, బోరింగ్ అంటే సిలిండర్ లోపలి గోడను (బోరును) కోసి వెడల్పు చేయడం. సిలిండర్‌ను ఒకసారి కోయిస్తే ఆ లోహం తిరిగి రాదు. సాధారణంగా ఓవర్‌సైజు (అసలు సైజు కన్నా పెద్ద) పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. దాకానే ఉంటాయి, పాత బళ్లకు అవీ అన్నీ దొరకవు. ఆ మెట్లు అయిపోతే ఇక స్లీవు (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయించడమే. గాలి ఎటు పోతోందో తేలకుండా బోరు జోలికి వెళ్లకూడదు.

కిక్కు ఖాళీగా దిగిపోతున్నంత మాత్రాన కంప్రెషన్ లేదని కాదు. పాత బళ్లలో చాలావాటికి కిక్కు బలం క్లచ్ మీదుగానే క్రాంకుకు (పిస్టన్‌ను ఆడించే ఇరుసుకు) చేరుతుంది. క్లచ్ జారుతుంటే ఇంజిన్ ఎంత బాగున్నా కాలికి బరువు తెలియదు. ట్యాపెట్ (వాల్వును నెట్టే భాగం) మూత తీసి కిక్కు కొట్టి చూడండి. కిక్కు దిగుతున్నా వాల్వులు కదలకపోతే తప్పు క్లచ్‌దో, కిక్కు రాచెట్‌దో (కిక్కును పట్టించే పళ్ల చక్రం).

తర్వాత ట్యాపెట్లు. ఖాళీ బొత్తిగా లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో పైకి తెచ్చి, మాన్యువల్ చెప్పిన ఖాళీ పెట్టాలి. డీకంప్రెసర్ (కిక్కు తేలికయ్యేలా సిలిండర్ గాలిని వదిలే ఏర్పాటు) ఉన్న సింగిల్ సిలిండర్ బళ్లకు దాని కేబుల్ బిగిసిపోయినా గాలి కాస్త పోతూనే ఉంటుంది. రెండు స్పానర్లతో పోయే ఇలాంటి జబ్బులకు సిలిండర్ దించేసిన బళ్లు తక్కువేం కాదు.

ఇవి సరిగ్గా ఉన్నాకే కంప్రెషన్ గేజ్ (ప్లగ్గు రంధ్రంలో బిగించి ఒత్తిడి కొలిచే మీటరు) పట్టాలి. ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి ప్లగ్గు తీసి, ప్లగ్గు వైరును బాడీకి ఎర్త్ చేయాలి. లేకపోతే మాగ్నెటో చుట్టలకూ, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే దానికీ ముప్పు. చోక్ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, ముల్లు ఇక ఎక్కనని ఆగేదాకా కిక్కు కొట్టాలి. థ్రాటిల్ మూసి కొడితే సిలిండర్‌లోకి గాలే రాదు, మంచి ఇంజిన్ కూడా చచ్చిన అంకె చూపిస్తుంది. నా లెక్కలో తప్పుడు రీడింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. గేజ్ మరను కూడా చూసుకోవాలి. 14 మి.మీ. ప్లగ్గుల్లోనే మర పొడవు 12.7 మి.మీ., 19 మి.మీ. ఇలా రకాలున్నాయి. పొట్టి మర హెడ్డులో పొడుగు అడాప్టర్ బిగిస్తే పిస్టన్‌కో వాల్వుకో తగలొచ్చు.

అంకెను కొత్త బళ్లతో పోల్చకూడదు. 6:1, 7:1 కంప్రెషన్ నిష్పత్తితో తయారైన ఇంజిన్ సుమారు 100 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్లు) చూపిస్తే దిగులు పడక్కర్లేదు. అంకె కన్నా అది ఎక్కే తీరు ఎక్కువ చెబుతుంది. మొదటి కిక్కుకు తక్కువగా ఉండి, కొట్టేకొద్దీ మెల్లగా పెరుగుతుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. మొదటి నుంచీ తక్కువగా ఉండి అక్కడే ఆగిపోతే వాల్వుల మీద. అప్పుడు ప్లగ్గు రంధ్రంలో 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు మూడు కిక్కులు కొట్టి మళ్లీ కొలవాలి. అంకె బాగా లేస్తే రింగులు, బోరు. లేవకపోతే వాల్వులు గానీ హెడ్ ప్యాకింగ్ (హెడ్డుకూ సిలిండర్‌కూ మధ్య ఉండే పొర) గానీ. ఆయిల్ ఎక్కువ పోస్తే పిస్టన్ పైనున్న గదిలో చోటు తగ్గి అంకె ఊరికే లేస్తుంది.

అన్నిటికన్నా నమ్మదగినది గాలి పరీక్ష. పాత ప్లగ్గులోంచి పింగాణీ తీసేసి దానికి గాలి గొట్టం బిగించాలి. రెండు వాల్వులూ మూసుకుని, పిస్టన్ సరిగ్గా పైన ఉండగా 30 పి.ఎస్.ఐ. గాలి ఎక్కిస్తే వినడానికి చాలు. పిస్టన్ ఏ కాస్త పక్కకున్నా గాలి దాన్ని తోసేస్తుంది, కాబట్టి బండిని టాప్ గేరులో పెట్టి వెనక బ్రేకు నొక్కి ఉంచాలి, కిక్కు దగ్గర కాలు పెట్టకూడదు. కార్బరేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరో బ్రీదర్‌లోనో (ఇంజిన్ లోపలి గాలి వదిలే గొట్టం) వినిపిస్తే రింగులు. హెడ్ అంచు చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే ప్యాకింగ్ సంగతి బుడగలే చెబుతాయి. రింగుల దగ్గర కొంత గాలి పోవడం మామూలే. వాల్వు దగ్గర బుస రాకూడదు.

ఏళ్ల తరబడి నిలబెట్టిన బండి అయితే తీర్పుకు తొందర వద్దు. గాడిలో బిగుసుకున్న రింగులు, సీటు మీద పట్టిన తుప్పు కూడా ఇవే అంకెలు చూపిస్తాయి. తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు నానబెట్టి, ఇంజిన్ ఆయిల్ మార్చి, వంద కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాక మళ్లీ కొలవండి. టూ స్ట్రోకు బళ్లలో క్రాంక్ సీళ్లు (క్రాంకు దగ్గర గాలి కారకుండా ఆపేవి) పోయిన సంగతి ఈ గేజ్‌కు అందదు, దానికి క్రాంక్‌కేసు పరీక్ష వేరే ఉంది.

తప్పు రింగుల వైపే తేలి సిలిండర్ దించాక కూడా కళ్లతో చూసి 'అరిగిపోయింది' అనేస్తే కుదరదు. కొత్త రింగును పిస్టన్ తలతో నెట్టి బోరులో చదునుగా కూర్చోబెట్టి, మూతి ఖాళీని (రింగు రెండు కొసల మధ్య సందును) ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకులతో కొలవాలి. 70 మి.మీ. బోరుకు సుమారు 0.28 మి.మీ. ఉండాలి. బోరు కింద అరగని చోట ఒకసారి, పైరింగు తిరిగే చోట ఒకసారి కొలిచి, తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసంలో అరుగుదల వస్తుంది. కింద 0.30, పైన 0.61 ఉంటే అరుగుదల దాదాపు 0.1 మి.మీ. అంతకు బాగా తక్కువైతే సాధారణంగా హోనింగ్ (బోరును రాయితో పైపైన రుద్దడం), కొత్త రింగులతో సరిపోతుంది. కానీ ఇది సగటు లెక్క, బోరు కోడిగుడ్డులా సాగితే దీనికి దొరకదు. అందుకు బోర్ గేజ్‌తో ముందు-వెనక ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి.

అప్పటికీ బోరింగ్ తప్పకపోతే పిస్టన్ ముందు తెప్పించి, మైక్రోమీటర్‌తో కొలిచి, దాని ప్రకారమే కోయించాలి. పెట్టె మీద రాసిన సైజును నమ్మి ముందే కోయిస్తే ఖాళీ ఎక్కువై పిస్టన్ టకటకలాడుతుంది, లేదా తక్కువై వేడికి పట్టేస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు